వస్తువు గదిలో బందీ అయిన రాజకీయం: కథాసాహిత్య పరిశోధనపై ఒక అభ్యంతరం

కథాసాహిత్యంపై మన తెలుగు శాఖల్లో వెలువడిన సిద్ధాంతగ్రంథాల విషయసూచికలను వరుసగా పరిశీలించినవారికి ఒక నిర్మాణం కంఠస్థమవుతుంది. మొదట రచయిత జీవితం, తరువాత తెలుగు నవలా వికాసం లేదా కథానికా వికాసం, ఆపైన వస్తువైవిధ్యం, పాత్రచిత్రణ, శిల్పం, భాషాశైలులు, చివర ఉపసంహారం. వస్తువైవిధ్యం అనే అధ్యాయంలోకి వెళితే కులసమస్య, స్త్రీల సమస్యలు, వరకట్నం, మూఢనమ్మకాలు, నిరుద్యోగం, రాజకీయాలు అని ఉపశీర్షికలు కనిపిస్తాయి. రాజకీయం ఆ జాబితాలో ఒక అంశం మాత్రమే. రచయిత కొన్ని కథల్లో దాన్ని ‘స్పృశించాడు’. దానికి నాలుగు సంభాషణలు ఉదాహరణలు. ఇందువల్ల రచయితకు సామాజిక చైతన్యం ఉందని నిర్ధారణ. శిల్పం అధ్యాయానికి వచ్చేసరికి రాజకీయం అన్న మాటే వినిపించదు. అక్కడ ఎత్తుగడ, ముగింపు, వర్ణన, సామెతలు, జాతీయాలు ఉంటాయి.

ఈ అమరిక కేవలం సౌకర్యం కోసం ఏర్పడిందనీ, దానివల్ల పెద్ద నష్టం లేదనీ చాలామంది సహాధ్యాపకుల అభిప్రాయం. నా వాదన ఇందుకు విరుద్ధం. కథలో రాజకీయం ఉండే చోటు ప్రధానంగా శిల్పమే. కథ ఎవరు చెబుతున్నారు, ఎవరికి తర్కించే అవకాశం దొరికింది, కథకుడి వ్యంగ్యం ఎవరి మీద పడింది, ఏ ఘట్టం దగ్గర కాలం నెమ్మదించింది, ఎవరి భాష కొటేషన్ గుర్తుల మధ్య బంధింపబడింది అన్నవి రాజకీయ నిర్ణయాలు. వివాదాస్పద విషయాన్ని రచయిత ఎలా నిర్వహించాడన్న ప్రశ్నకు సమాధానం వీటిలో దొరుకుతుంది. రాజకీయాన్ని వస్తువు గదిలో పెట్టి తాళం వేసిన పరిశోధన ఆ ప్రశ్నను అడగను కూడా లేదు. దీని ఫలితం మన గ్రంథాలయాల బీరువాలకే పరిమితమైతే ఇంత పట్టుదల అవసరం లేదు. కానీ మన తరగతుల్లో చదవడం నేర్చుకున్నవారే తరువాత కథలు రాస్తున్నారు, పత్రికల్లో సమీక్షిస్తున్నారు, పాఠ్యపుస్తక సంఘాల్లో కూర్చుంటున్నారు.

‘కన్యాశుల్కం’తో మొదలుపెడదాం. అది నాటకమే అయినా సమస్య అక్కడే స్పష్టంగా తెలుస్తుంది. 1892లో విజయనగరంలో ప్రదర్శితమై, 1897లో అచ్చై, 1909లో సమూలంగా మారిన రూపంలో మళ్ళీ వచ్చిన ఆ రచనకు గురజాడ రాసిన పీఠికలో తన సంస్కరణోద్దేశాన్ని దాచలేదు. వితంతు వివాహం ఆయన మనసారా సమర్థించిన విషయం. అయితే నాటకంలో వితంతు వివాహాన్ని అందరికంటే అనర్గళంగా సమర్థించేది ఎవరు? గిరీశం. ఆ వాదాలను ఉపశీర్షిక కింద ఉదాహరించి ‘సంస్కరణ దృక్పథం’ అని రాయడానికి ఏ పరిశోధకుడూ సాహసించడు. ఎందుకంటే గిరీశం ఎవరో అందరికీ తెలుసు. తాను నమ్మిన వాదాన్ని ఒక వంచకుడి నోట పెట్టి, నిజమైన సంస్కర్త సౌజన్యారావును మధురవాణి ముందు నిలబెట్టి పరీక్షించడంలో గురజాడ రాజకీయం ఉంది. సంస్కరణ మాట తేలికగా అమ్ముడుపోయే సరుకుగా మారుతున్నదన్న గ్రహింపు అందులో ఉంది. పాత్ర పలికే వాదానికీ రచన చేసే వాదానికీ మధ్య ఉన్న ఈ దూరాన్ని ఒక్క ‘కన్యాశుల్కం’ విషయంలో మనమందరం గుర్తిస్తాం. నవల దగ్గరికి, కథ దగ్గరికి వచ్చేసరికి ఎందుకో ఆ జాగ్రత్తను గుమ్మం బయటే వదిలి వస్తాం.

‘మాలపల్లి’ ఇందుకు మంచి నిదర్శనం. ఉన్నవ లక్ష్మీనారాయణ జైలులో రాసిన ఈ నవల 1922లో వెలువడింది. మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. గాంధేయ నవల అనీ, హరిజనోద్ధరణ నవల అనీ, సామ్యవాద భావాల తొలి నవల అనీ దానికి పేర్లు పెట్టాం. ప్రతి పేరుకూ ఆధారంగా కొన్ని సంభాషణలు దొరుకుతాయి. ఇటువంటి ఏరివేతలో దొరకనిదంటూ ఉండదు. నవల అమరికను చూస్తే వేరే సంగతి బయటపడుతుంది. రామదాసు కుటుంబం ఒకటే. తండ్రిది వేదాంతమార్గం. సంగదాసుది సంస్కారమార్గం, కూలీల పక్షాన నిలిచిన మార్గం. వెంకటదాసు తక్కెళ్ళ జగ్గడై దోపిడీమార్గం పట్టాడు. ఒకే ఇంటి నుంచి మూడు జవాబులు వచ్చాయి. సహాయ నిరాకరణ ఉద్యమంలో జైలుకు వెళ్ళిన రచయితకు మూడవ జవాబు సమ్మతం కాదని ఊహించడం కష్టం కాదు. అయినా జగ్గడిని దుష్టుడిగా చిత్రించి, శిక్షించి, పక్కకు తోసివేయలేదు. సంగదాసు చౌదరయ్య చేతిలో హతుడైన తరువాతనే పాఠకుడు వెంకటదాసు వెంట నడవవలసి వస్తుంది. శాంతిమార్గంలో వెళ్ళినవాడికి పట్టిన గతి చూసినవాడు రెండవవాడి ఆగ్రహాన్ని తేలికగా కాదనలేడు. ఈ వరుసక్రమం నవల చేసిన రాజకీయ ఆలోచన. రచయిత నమ్మకం ఒకవైపు లాగుతుండగా కథనం తన నిజాయితీతో ఇంకోవైపు పాఠకుణ్ణి తీసుకుపోయింది. చౌదరయ్య కొడుకు రామానాయుడు సంగదాసు స్నేహితుడు కావడం కూడా ఇటువంటి అమరికే. వర్గం ఒక్కటే మనిషిని నిర్ణయించదన్న మాటను ఉపన్యాసం లేకుండా అది చెబుతుంది. ‘ఉన్నవ దృక్పథం’ అన్న ఉపశీర్షికలో ఇవేవీ పట్టవు.

ఇక ‘యజ్ఞం’. కాళీపట్నం రామారావు ఈ పెద్దకథ 1960ల మధ్యకాలానికి చెందింది. ఇది చేరిన సంపుటికి 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. దీనిమీద జరిగినంత చర్చ తెలుగులో మరే కథ మీదా జరగలేదేమో. ఆ చర్చలో ఎక్కువ భాగం చివరి ఘట్టం చుట్టూ తిరిగింది. అప్పల్రాముడి కొడుకు సీతారాముడు అప్పు ఇచ్చినవాడిని వదిలి తన కన్నబిడ్డను ఎందుకు చంపాడు? ఇది చైతన్యమా, నిస్పృహా? రచయిత ఏం చేయమంటున్నాడు? ఈ ప్రశ్నలు వేసినవారిలో ఎక్కువమంది 1967 తరువాత రగిలిన శ్రీకాకుళ పోరాటపు వెలుగులో, అంతకుముందే రాసిన కథను చదివారు. అందువల్ల ముగింపు వారికి ఒక కార్యక్రమంగా కనిపించింది; కార్యక్రమంగా అది లోపభూయిష్టమని తేలింది. కథను సమర్థించినవారు కూడా అదే మైదానంలో నిలబడి, అది లోపం లేని కార్యక్రమమేనని నిరూపించబోయారు.

ముగింపును కాసేపు పక్కన పెట్టి, కథలో స్థలం ఎలా పంపిణీ అయిందో చూడాలి. కథలో అధికభాగం ఒక తగవు విచారణ. అప్పల్రాముడు గోపన్నకు బాకీ ఉన్నాడు. అప్పు నిజమైనదే; కాదని అప్పల్రాముడు కూడా అనడు. తీర్పు చెప్పే శ్రీరాములునాయుడు లంచగొండి కాడు, క్రూరుడు కాడు. ఊరి బాగు కోరి పనిచేసినవాడు, నలుగురి మెప్పు పొందినవాడు. సుందరపాలెం ఎలా అభివృద్ధి చెందిందో కథకుడు ఓపికగా, ఏ తొందరా లేకుండా చెబుతాడు. స్వాతంత్ర్యానంతర ప్రణాళికల యుగం ఒక పల్లెలోకి ఎలా దిగివచ్చిందో అందులో ఉంది. పాఠకుడు ఆ అభివృద్ధిని నమ్ముతాడు. నమ్మిన తరువాత గాని, ఆ అభివృద్ధి నడిచిన దారిలోనే అప్పల్రాముడి వంటివారు క్రమంగా చితికిపోయారన్న సంగతి తెలియదు. చట్టం గోపన్న పక్షాన ఉంది. ధర్మం కూడా, ఊరు అర్థం చేసుకున్న మేరకు, గోపన్న పక్షానే ఉంది. అప్పు తీర్చడమంటే ఉన్న కాస్త భూమి పోగొట్టుకుని పిల్లలను పాలేరుతనానికి అప్పగించడమే. దుర్మార్గుడు లేని చోట ఈ ఘోరం జరిగింది. కథ రాజకీయమంతా ఈ ‘లేకపోవడం’లో ఉంది.

దీనికి ప్రతిగా గోపన్నను మీసం మెలేసే షావుకారుగా, నాయుడిని అతని కీలుబొమ్మగా మార్చి కథను తిరగరాసినట్లు ఊహించండి. వస్తువు మారదు: అప్పు, పేద రైతు, పంచాయితీ, శిశుహత్య. మన వస్తువైవిధ్యం అధ్యాయంలో రెండు కథలకూ ఒకే ఉపశీర్షిక, బహుశా ఒకే వాక్యం సరిపోతాయి. కానీ తిరగరాసిన కథ చదివిన పాఠకుడు, మంచి అధ్యక్షుడు ఉండి ఉంటే ఇలా జరిగేది కాదనుకుని నిద్రపోతాడు. అసలు కథ ఆ నిద్రను అనుమతించదు. ఈ తేడా రాజకీయమైన తేడా కాదని ఎవరు అనగలరు? దాన్ని పట్టుకోవడానికి మన అధ్యాయ ప్రణాళికలో ఎక్కడ చోటుంది? మౌఖిక పరీక్షలో పరిశోధకుణ్ణి మనం అడిగేది ‘ఈ కథ ద్వారా రచయిత ఇచ్చిన సందేశం ఏమిటి’ అని. ప్రశ్న అది అయినప్పుడు జవాబు కోసం విద్యార్థి చివరి పేజీకి పరుగెత్తడం సహజమే.

మనకు సమ్మతం కాని రాజకీయం ఉన్న రచనల విషయంలో ఈ పద్ధతి మరింత విఫలమవుతుంది. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బహుమతిని అడివి బాపిరాజు ‘నారాయణరావు’తో పంచుకున్న ‘వేయిపడగలు’ను తీసుకుందాం. అభిమానులు ధర్మారావు ఉపన్యాసాలను ఏరి విశ్వనాథ తత్త్వదర్శనం అన్నారు. ప్రత్యర్థులు అవే ఉపన్యాసాలను ఏరి తిరోగమనవాదం అన్నారు. ఏరిన వాక్యాలు చాలావరకు అవే. నిజానికి ఆ ఉపన్యాసాలు నవలలో బలహీనమైన భాగాలు. వాటితో వాదించడం సులువు. సుబ్బన్నపేట క్షీణతను నవల అమర్చిన తీరుతో వాదించడమే కష్టం. మార్పు వచ్చిన ప్రతి చోటా ఏదో ఒకటి మరణిస్తుంది. మార్పువల్ల నిజంగా మేలు పొందిన మనిషికి ఆ నవలలో చెప్పుకోదగ్గ చోటు లేదు. దేవదాసి గిరిక భక్తి ఎంత తీవ్రంగా, ఎంత అందంగా చిత్రితమైందంటే ఆ వ్యవస్థలోని నిర్బంధం గురించి అడగాలన్న ఆలోచనే పాఠకుడికి రాదు. నవల చేసే అసలు రాజకీయ కార్యం అది. దాన్ని ఎదిరించదలచినవారు సౌందర్యం దగ్గర ఎదిరించాలి. ఉపన్యాసాల దగ్గర గెలిచి సంతోషపడితే నవల చెక్కుచెదరకుండా నిలిచే ఉంటుంది. నిలిచే ఉంది కూడా.

భాష సంగతి వేరుగా చెప్పుకోవాలి. మన గ్రంథాల్లో ‘మాండలిక ప్రయోగాలు’ అన్నది చివరి అధ్యాయంలోని చివరి భాగం. పదాల పట్టిక, పక్కన అర్థాలు. అయితే రైతాంగ పోరాటాల మీద వచ్చిన చాలా నవలల్లో పాత్రలు తమ ప్రాంతపు నుడికారంలో మాట్లాడతాయి, కథకుడు మాత్రం ప్రామాణిక భాషలో మాట్లాడతాడు. పాత్రకు బాధపడే భాష ఉంది, ఆలోచించే భాష లేదు. వివరించే అధికారం, కాలాన్ని ముందుకు వెనక్కు జరిపే అధికారం, తీర్పు చెప్పే అధికారం కథకుడి భాష దగ్గరే ఉండిపోయాయి. రచయిత ఎంత నిబద్ధుడైనా ఈ అమరిక తన పని తాను చేస్తుంది. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు చిత్తూరు పల్లె నుడిని కథకుడి భాషగా చేసినప్పుడు, మహమ్మద్ ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’లో, ఎండ్లూరి సుధాకర్ ‘మల్లెమొగ్గల గొడుగు’లో ఆ దారిని తమ తమ జీవితాలవైపు మళ్ళించినప్పుడు, వేముల ఎల్లయ్య ‘కక్క’ నవల మొత్తాన్ని నల్లగొండ మాదిగ పలుకుబడిలో నడిపినప్పుడు మారింది ఈ అధికార సంబంధమే. ‘కక్క’ చదవడం కష్టంగా ఉందని ఫిర్యాదు చేసే పాఠకుడు, బహుశా జీవితంలో మొదటిసారి, తన భాష కేంద్రం కాని చోట నిలబడ్డాడు. ఆ ఇబ్బందిని పదాల పట్టికతో తొలగించడమంటే నవల చేసిన పనిని రద్దు చేయడమే.

‘అంటరాని వసంతం’లో కళ్యాణరావు తీసుకున్న నిర్ణయం మరో రకమైనది. రూతు తాను చూడని తరాల కథను, విన్నదాన్ని, జ్ఞాపకంగా చెబుతుంది. అధికార పత్రాల్లో చోటు దక్కని జనం చరిత్రను చెప్పడానికి సర్వజ్ఞుడైన కథకుడు సరిపోడని ఆ నవల తన రూపం ద్వారానే వాదిస్తుంది. ఎల్లన్న పాట, సుభద్ర జీవితం వినికిడిగా మనకు చేరడం ఆ చరిత్ర నిజంగా ఎలా బతికి వచ్చిందో చెబుతుంది. దీన్ని ‘ఫ్లాష్‌బ్యాక్ పద్ధతి’ అని శిల్పం అధ్యాయంలో ఒక వాక్యంలో ముగించిన వ్యాసాలు నేను చదివాను.

ఇక్కడ రెండు అభ్యంతరాలు వస్తాయని తెలుసు. మొదటిది నిబద్ధ విమర్శకులది. శిల్పం పేరుతో మళ్ళీ రూపవాదానికి తలుపు తీస్తున్నావనీ, పీడకుడికి కూడా తర్కం ఇమ్మని బాధితుడికి పాఠం చెబుతున్నావనీ వారంటారు. ఈ అనుమానానికి చారిత్రక కారణముంది. అలంకారాల లెక్కలతో కాలక్షేపం చేసిన తెలుగు శాఖల్లోకి సమాజాన్ని తీసుకువచ్చింది అభ్యుదయ, విప్లవ, స్త్రీవాద, దళిత విమర్శలే. ఆ లాభాన్ని ఎవరూ వెనక్కి ఇవ్వనక్కరలేదు. ప్రతి కథా ప్రత్యర్థికి సమాన వాదావకాశం ఇవ్వాలని నేననడం లేదు. ‘అంటరాని వసంతం’ అలా ఇవ్వదు, ఇవ్వనవసరం లేదు. ఎవరికి ఎంత స్థలం ఇచ్చారన్నది రచన చేసిన నిర్ణయమనీ, ఆ నిర్ణయాన్ని చదవాలనీ మాత్రమే నా కోరిక. స్త్రీవాద, దళిత విమర్శకులలో సూక్ష్మదర్శులైనవారు ఈ పని ముందునుంచీ చేస్తూనే ఉన్నారు. వారి పరిశీలనలను ‘స్త్రీవాద దృక్పథం’, ‘దళితవాద దృక్పథం’ అన్న అరల్లో సర్ది చదును చేసింది మన అధ్యాయ ప్రణాళిక.

రెండవ అభ్యంతరం మర్యాదస్తులది. ఇటీవల అన్ని సదస్సుల్లోనూ వినిపిస్తున్నది. రచయిత వివాదాలకు దూరంగా ఉండాలి, రాయక తప్పకపోతే సమతుల్యంగా రాయాలి, ఎవరి మనోభావాలూ గాయపడకూడదు అన్నది దాని సారాంశం. వినడానికి వివేకంగా ఉంటుంది. సమతుల్యత అంటే ఇక్కడ అర్థం ఏమిటో అడిగితే మాత్రం సంభాషణల లెక్కే బయటికి వస్తుంది: ఈ కులంవాడు ఒక చెడ్డమాట అంటే ఆ కులంవాడు ఒక మంచిమాట అనాలి. ‘యజ్ఞం’లో గోపన్నకు, నాయుడికి దక్కిన న్యాయం ఈ రకమైనది కాదు. అక్కడ ప్రతి పక్షానికీ పూర్తి మర్యాద ఇచ్చినందువల్లనే కథ ఏ పక్షానికీ భరించరానిదైంది.

మనోభావాల మాట వచ్చింది కాబట్టి పొరుగు భాష నుంచి ఒక ఉదంతం. పెరుమాళ్ మురుగన్ తమిళ నవల ‘మాదొరుబాగన్’ 2010లో వచ్చింది. నాలుగేళ్ళు దాన్ని సాహిత్యంగానే చదివారు. 2014 చివర తిరుచెంగోడులో ఆందోళన మొదలైంది. సంతానం లేని దంపతుల మధ్య ప్రేమ, చుట్టూ ఉన్న సమాజపు ఒత్తిడి ఆ నవలకు ప్రాణం. ఆందోళనకారులకు కావలసింది ఉత్సవరాత్రి గురించిన కొన్ని పుటలు మాత్రమే. నవల నుంచి తీసిన పుటల నకళ్ళు చేతులు మారాయి. 2015 జనవరిలో మురుగన్ తనలోని రచయిత మరణించాడని ప్రకటించాడు. 2016 జులైలో మద్రాసు హైకోర్టు రచయిత పక్షాన తీర్పు ఇచ్చింది. నచ్చనివారు పుస్తకాన్ని పక్కన పెట్టవచ్చునని చెప్పింది. ఆ తీర్పును మనమందరం హర్షించాం. అయితే ఆ నకళ్ళను పంచినవారి పఠనపద్ధతి మనకు అపరిచితమైనదేనా? సందర్భం నుంచి వాక్యాన్ని వేరుచేయడం, పాత్ర అనుభవాన్ని రచయిత అభిప్రాయంగా తీసుకోవడం, దానికి ఒక శీర్షిక పెట్టి తీర్పు చెప్పడం మన వస్తువైవిధ్యం అధ్యాయంలో ఏళ్ళ తరబడి నడుస్తున్నవే. వారు నిందించడానికి చేశారు, మనం మెచ్చుకోవడానికి చేస్తాం. ఉద్దేశాల్లో ఎంత వ్యత్యాసముందో నాకు తెలుసు. పద్ధతిలో వ్యత్యాసం ఎక్కడుందో మాత్రం కనిపించడం లేదు. రేపు ఒక తెలుగు నవలకు ఇటువంటి ఆపద వచ్చినప్పుడు దాని పక్షాన సాక్ష్యం చెప్పవలసింది తెలుగు శాఖలే. మొత్తం రచనను ఒక వాదంగా చదవడం ఎలాగో మనకే అలవాటు లేకపోతే న్యాయస్థానంలో ఏం చెబుతాం? రచయిత ఉద్దేశం మంచిదని చెబుతామా? అవతలివారు వెంటనే పుట సంఖ్య చూపిస్తారు.

పరిశోధన ప్రణాళికలో చేయదగిన మార్పు పెద్దదేమీ కాదు. వస్తువు, శిల్పం అన్న రెండు అధ్యాయాలను తీసివేసి, పరిశోధకుడు ఎంచుకున్న నాలుగైదు రచనలకు ఒక్కొక్క అధ్యాయం కేటాయించవచ్చు. ముప్పై కథల నుంచి ముప్పై వాక్యాలు ఏరే శ్రమ తగ్గుతుంది. ఒక కథను ముప్పైసార్లు చదివే శ్రమ పెరుగుతుంది. పర్యవేక్షకులుగా మనకూ పని పెరుగుతుంది, ఎందుకంటే అటువంటి అధ్యాయాన్ని పాత గ్రంథం చూసి సరిదిద్దలేం. ‘యజ్ఞం’ బోధించేటప్పుడు సందేశం అడగడం మాని, విద్యార్థుల చేత శ్రీరాములునాయుడి స్థానంలో తీర్పు రాయించి చూడవచ్చు. అప్పు నిజం, వాయిదాలు నిజం, గోపన్న అవసరం నిజం, ఊరి కట్టుబాటు నిజం. ఇన్ని నిజాలకు లోబడి అప్పల్రాముడి మనుమణ్ణి బతికించే తీర్పు ఒక్కటి రాయమనండి. తరగతిలో ఎవరైనా రాయగలిగితే ఆ తీర్పులో కథలోని ఏ వాస్తవాన్ని మార్చవలసి వచ్చిందో బల్లమీద రాయించండి.